వి-క్రాస్‌కి లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు: తోట దారి కోసం వేయించొచ్చా?

మామిడితోట, మదనపల్లె

అందరికీ నమస్కారం. నాది ఇసుజు వి-క్రాస్, 2021లో తీసుకున్నాను. ఫోర్ బై ఫోర్, మాన్యువల్ గేరు. ఇప్పటికి 68 వేల కిలోమీటర్లు తిరిగింది. మన శ్రీసిటీలోనే తయారైన బండి అని ఇష్టపడి కొన్నాను, ఆ ఇష్టం ఇంకా తగ్గలేదు.

తొమ్మిదెకరాల మామిడితోట ఉంది. తారు రోడ్డు దిగినాక మూడు కిలోమీటర్లు మట్టిబాట. మొదటి రెండు కిలోమీటర్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక వంక దాటాలి. వంక దిగేచోటా ఎక్కేచోటా ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడులు పడ్డాయి, నడుమ గట్టు లేచింది. గట్టు మట్టే అయితే బాధ లేదు, లోపల రాళ్ళున్నాయి. ఒట్టి బండి పోతే ఒకసారి గీసుకుంటుంది, ఒకసారి గీసుకోదు. వెనక పదిహేను టమాటా క్రేట్లో, డ్రిప్పు పైపులో, బోరు మోటారో వేసుకున్నానంటే ఖాయంగా కింద కర్రుమంటుంది. ఆ చప్పుడు వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

బెంగళూరులో ఒక యాక్సెసరీస్ షాపులో అడిగాను. ముందర స్పేసర్లు (షాకు పైన పెట్టే మందపాటి బిళ్ళలు), వెనక కమాన్ల కింద దిమ్మెలు వేసి రెండంగుళాలు లేపుతామన్నారు. ఇప్పుడున్న 255/60 ఆర్18 టైర్లు తీసేసి 285/65 ఆర్18 వేస్తామన్నారు, అంటే దగ్గర దగ్గర 33 అంగుళాల టైరు. బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్ వీల్స్ కూడా. పొద్దున ఇస్తే సాయంత్రానికి బండి చేతికిస్తారట. మా అబ్బాయికి ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి నిద్ర లేదు. నిజం చెప్పాలంటే నాకూ బాగా నచ్చింది.

ఈ ఏడు మామిడి డబ్బుల్లో కొంత దీనికోసం పక్కన పెట్టాను. ఒకసారి ఖర్చు పెడితే మళ్ళీ వచ్చే కాపు దాకా చేతిలో ఏమీ ఉండదు. అందుకే చేయించుకున్నవాళ్ళని అడుగుతున్నాను. బండి పాడవుతుందా? మైలేజీ ఎంత పడిపోతుంది? ఆర్టీవో వాళ్ళు పట్టుకుంటారా?

లంబసింగి రోడ్డు, విశాఖ

నేను చేయించాను సార్, మూడేళ్ళయింది. నాదీ వి-క్రాసే. నేను స్పేసర్లు వేయించలేదు. ఆస్ట్రేలియా కంపెనీ స్ప్రింగులు, షాకులు, వెనక కమాన్ పట్టీలు పూర్తి సెట్టు మార్పించాను. టైరు 265/65 ఆర్18, ఆల్ టెర్రైన్, అంటే తారుకీ మట్టికీ రెంటికీ పనికొచ్చేది. చింతపల్లి అవతల రోడ్డు తెగిపోయిన చోట్ల కూడా ధైర్యంగా వెళ్ళగలుగుతున్నాను. పాడేరు ఘాటులో మలుపుల దగ్గర బండి ఊగడం కూడా తగ్గింది, అది షాకుల పుణ్యం.

ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. స్పేసర్ల ధరతో పోల్చుకోకండి. మైలేజీ హైవే మీద 12 వచ్చేది, ఇప్పుడు పదిన్నర. ఇంకొకటి ఎవరూ ముందుగా చెప్పరు. బండి తెచ్చిన రోజు మా అమ్మ ఎక్కలేకపోయింది. మర్నాడే పక్క మెట్టు కింద ఇంకో మెట్టు వేయించాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అది కూడా లెక్కలో పెట్టుకోండి.

టకోమా, ఫ్రిస్కో

నమస్తే అండీ. నేను టెక్సస్‌లో ఉంటాను, మాది రాజంపేట. ఇక్కడ పికప్ ట్రక్కులు లేపడం మన దగ్గర ట్రాక్టరుకి రంగు కాగితాలు కట్టినంత మామూలు. నాది 2019 టొయోటా టకోమా. 265/70 ఆర్16 టైర్లతో వచ్చింది. రెండున్నర అంగుళాలు లేపి 285/70 ఆర్17 వేశాను.

లిఫ్ట్ చేస్తే టైరు పట్టేస్తుంది అనుకున్నాను. నిలబడి ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పట్టింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేసినప్పుడు టైరు వెనక అంచు క్యాబిన్ మౌంటుకి, అంటే క్యాబిన్‌ని ఛాసిస్‌కి బిగించే ముక్కకి, తగిలింది. ఆ మౌంటు మూల కోయించి, మళ్ళీ వెల్డింగ్ చేయించి, రంగు వేయించాల్సి వచ్చింది. ఛాసిస్‌కి అతికి ఉన్న ముక్కని గ్రైండరుతో కోస్తుంటే చూడటం ఎంత కష్టంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మీ బండికి ఎక్కడ తగులుతుందో, అదే టైరు వేసుకున్న బండిని చూసి తెలుసుకోండి. షాపు వాళ్ళ మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మీటరు కూడా మారింది. టైరు చుట్టుకొలత ఏడు శాతం పెరిగింది కాబట్టి మీటరు 65 మైళ్ళు చూపిస్తుంటే బండి దాదాపు 69న్నర మీద పోతోంది. ఆర్కన్సా కొండల్లో గేరు ఆరులో నిలవక, అయిదుకీ ఆరుకీ మధ్య కొట్టుకుంటూ ఉంటుంది. ఇక్కడ చట్టం సంగతి మీకు పనికిరాదు. టెక్సస్‌లో సొంత బళ్ళకి ఏటా ఉండే సేఫ్టీ తనిఖీని 2025 జనవరి నుంచి తీసేశారు. మన దగ్గర అలా కాదని విన్నాను, తెలిసినవాళ్ళు చెప్పాలి.

అలైన్‌మెంట్ షాపు, అనంతపురం

అన్నా, నేను బెంగళూరు హైవే పక్కన వీల్ అలైన్‌మెంట్ షాపు పెట్టుకుని పంతొమ్మిదేండ్లు. లిఫ్టు చేసేది ఎక్కడో చేస్తారు. రెండు నెలలకి ఆ బండి నా ర్యాంపు మీదికి వస్తుంది, స్టీరింగ్ లాగుతోంది, టైరు ఒక పక్కే తినేస్తోంది అని. అందుకే మీ పోస్టు చదివినాక ఊరుకోలేకపోయినాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఇది మనసులో పెట్టుకోండి. లిఫ్ట్ కిట్ లేపేది ఛాసిస్‌నీ దాని మీదున్న బాడీనీ. మీ బండికి వెనక నిండు యాక్సిల్ ఉంది, దాని మధ్యలో డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే రెండు చక్రాలకీ తిప్పుడు పంచే గేర్ల డబ్బా, గుండ్రంగా కిందికి వేలాడుతూ ఉంటుంది. కమాన్ల కింద రెండంగుళాల దిమ్మె పెట్టినా, నాలుగంగుళాల దిమ్మె పెట్టినా, ఆ హౌసింగ్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అంతే ఉంటుంది. ఎందుకంటే అది చక్రాలతో పాటు ఉండేది, బాడీతో పాటు లేచేది కాదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. అది కూడా టైరు పెరిగినదాంట్లో సగమే.

లెక్క వేసి చూపిస్తాను. మీ 255/60 ఆర్18 టైరు నిలువు ఎత్తు 763 మిల్లీమీటర్లు. విశాఖ అన్న వేసుకున్న 265/65 ఆర్18 ఎత్తు 802. మీకు చెప్పిన 285/65 ఆర్18 ఎత్తు 828. అంటే ఆ పెద్ద టైరు వేసినా హౌసింగ్ లేచేది 32 మిల్లీమీటర్లు, అంగుళంపావు. దానికోసం మీటరు ఎనిమిదిన్నర శాతం తప్పు చూపిస్తుంది. 100 అని చూపిస్తే బండి 108 పైన పోతుంటుంది. నిజమైన వేగం కంటే మీటరు తక్కువ చూపించకూడదనేది మన దేశంలో నియమం. కంపెనీ మీటరు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి కొంచెం పెరిగితే సరిపోతుంది గానీ, ఇంత పెరిగితే దాటిపోతుంది.

ఇప్పుడు స్పేసర్ సంగతి. షాకు పైన ఒక అంగుళం మందం బిళ్ళ పెడితే బండి ముందుభాగం దాదాపు రెండంగుళాలు లేస్తుంది. షాకు కింది కొన చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది, అందుకని ఇక్కడ అంగుళం కదిలితే అక్కడ రెండవుతుంది. చవకగా అయిపోయే పని ఇది. స్ప్రింగు అదే, షాకు అదే. మొత్తం షాకుని కిందికి నెట్టినట్టు. గుంతలో చక్రం వేలాడినప్పుడు కంపెనీ వాళ్ళు ఎంతవరకు దిగాలని కొలిచి పెట్టినారో, దానికంటే ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు యాక్సిల్ సీవీ జాయింటు, అంటే ముందు చక్రం తిరుగుతూనే వంగేలా చేసే కీలు, ఏటవాలుగా వంగుతుంది, పై ఆర్మ్ బాల్ జాయింటు తన హద్దు దాకా పోయి ఆగుతుంది.

పోయిన ఏడు ధర్మవరం నుంచి ఒక కుర్రవాడు పికప్పు తెచ్చినాడు. స్పేసరు వేసి నాలుగు నెలలు. ఎడమ చక్రం విప్పితే రిమ్ము లోపలంతా గ్రీజు చిమ్మి ఉంది. సీవీ రబ్బరు బూటు మడతల దగ్గర చీలిపోయింది. ఎర్రమట్టి లోపలికి పోయి గ్రీజుతో కలిసి రాపిడి పొడిలాగ పనిచేసింది. జాయింటు తిప్పితే టకటకమంటోంది. మిషన్ మీద పెట్టినాను. క్యాస్టరు, అంటే చక్రం స్టీరింగుతో తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, ఎడమ పక్క ఒక డిగ్రీకి దిగిపోయింది. క్యాస్టరు తక్కువైతే మలుపు తిరిగినాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు, హైవే మీద బండి అటూ ఇటూ తేలుతుంది. రెండు గంటలు ఆ కోణం సర్దే క్యామ్ బోల్టులు తిప్పినాను, తెర మీద ఎరుపు అంకెలు పచ్చగా మారలేదు. సర్దుబాటుకి చోటే మిగల్లేదు. ఆ పిల్లోడు పెండ్లి బృందాన్ని ఎక్కించుకుని తిరుపతి పోవాలన్నాడు. స్పేసర్లు తీసేస్తేనే అలైన్‌మెంట్ చేస్తాను, లేకపోతే డబ్బులు వద్దు అని చెప్పినాను. కోపం తెచ్చుకుని వెళ్ళిపోయినాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చి తీయించుకున్నాడు. ఆ వారం రోజులూ నాకు మనసు మనసులో లేదు.

వేయిస్తే విశాఖ అన్నలాగ స్ప్రింగూ షాకూ కలిపి సెట్టుగా మార్పించండి. దాంతోపాటు క్యాస్టరు సరిచేసే పై ఆర్ములు కావాల్సి వస్తే అవి కూడా. ఆ తర్వాత మొదటి అయిదు వందల కిలోమీటర్లకి అలైన్‌మెంట్ మళ్ళీ చూపించుకోండి, కొత్త స్ప్రింగులు కూర్చుంటాయి. టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్ళలాగ తగిలితే టో తప్పింది, అంటే చక్రాలు నేరుగా చూడకుండా లోపలికో బయటికో తిరిగి ఉన్నాయి అని అర్థం. దానికి నా మిషన్ అక్కర్లేదు, మీ చెయ్యే చాలు.

వెనక దిమ్మెల గురించి. దిమ్మె పెడితే పొడుగు యూ బోల్టులు కొత్తవి వేయాలి. పాతవి లాగి బిగిస్తే సాగిపోయి ఉంటాయి, దారిలో వదులైతే యాక్సిల్ పక్కకి జరుగుతుంది. కొత్తవి వేసినా వెయ్యి కిలోమీటర్ల లోపల టార్క్ రెంచితో మళ్ళీ బిగించాలి. ఒకదాని మీద ఒకటి రెండు దిమ్మెలు పేర్చడం ఎవరు చెప్పినా చేయొద్దు.

బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్‌లు వద్దన్నా. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగు మీద, బాల్ జాయింట్ల మీద బరువు పెరుగుతుంది. గుంతలో పడితే స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది. మీ వంకలోని బురద అంతా తలుపుల మీద కొట్టుకుంటుంది. ఫార్చూనర్ అల్లాయ్‌లు చవగ్గా దొరుకుతాయి, ఆరు బోల్టులూ సరిగ్గా కూర్చుంటాయి అని కూడా కొందరు చెప్తారు. బోల్టులు కూర్చుంటాయి, నిజమే. కానీ దాని మధ్య రంధ్రం 106 మిల్లీమీటర్లు, ఇసుజు హబ్బు అంతకంటే చిన్నది. నడుమ రింగు వేయకపోతే బరువంతా బోల్టుల మీదే పడుతుంది, 80 దాటితే అదురుతుంది.

ఇంతా చెప్పినాక మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. కింద గీసుకుంటోంది అన్నారు గానీ, గీసుకునేది ఏది? హౌసింగా, డీజిల్ ట్యాంకా, గేరుబాక్సు కింది రేకా? అది తెలియకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు. సున్నం చిక్కగా తడిపి బండి కింద వేలాడే ప్రతిదానికీ బ్రష్షుతో పూయండి. హౌసింగుకి, అడ్డ పట్టీలకి, పక్క మెట్లకి, వెనక కొక్కేనికి, స్టెప్నీకి. ఆరనిచ్చి, ఒకసారి ఒట్టి బండితో, ఇంకోసారి క్రేట్లతో వంక దాటండి. సున్నం ఎక్కడ పోయిందో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.

పాత క్లెయిమ్, కర్నూలు

చట్టం గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ చెప్పిన కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే చట్టానికి తెచ్చిన సవరణలో అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చని పెట్టారు.

దారిలో పట్టుకోవడం ఒక ఎత్తు. నా భయం వేరే. నా పాత బండికి వెడల్పు టైర్లు వేయించాను. ఒక రాత్రి డోన్ దగ్గర డివైడరు ఎక్కింది. దేవుడి దయవల్ల మనుషులకేమీ కాలేదు. సర్వేయరు వచ్చి మొదట కొలిచింది టైర్లే. నాలుగు నెలలు తిరిగితే క్లెయిమ్‌లో సగం కూడా రాలేదు. కొత్త టైరు సైజు కంపెనీ ఆ మోడల్‌కి ఇచ్చినవాటిలో ఉందో లేదో చూసుకోండి, సర్వీసు సెంటర్లో రాయించుకోండి. ఏ మార్పయినా ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే కాగితం మీద తెలపండి.

మామిడితోట, మదనపల్లె

అందరికీ చాలా థాంక్స్. అనంతపురం అన్న చెప్పినట్టే ఆదివారం సున్నం పూశాను. మా ఆవిడ వాకిట్లోకి వచ్చి, పండగ కూడా లేదు కదా బండికి సున్నమేంది అంది. విషయం చెప్తే తనే వెనక పక్క పూసింది.

ఒట్టి బండితో దాటితే: డిఫరెన్షియల్ హౌసింగ్ మీద సున్నం చెక్కు చెదరలేదు. ట్యాంకుకీ ఏమీ లేదు. కుడి పక్క మెట్టు మధ్యలో జానెడు మేర మొత్తం గీరుకుపోయింది. ఆ మెట్లు కంపెనీవి కావు, బండి కొన్న వారానికి నేనే వేయించిన గొట్టాలవి. ఛాసిస్ కంటే అరచెయ్యి మందం కిందికి వేలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ తట్టలేదు.

పదిహేను క్రేట్లు వేసుకుని దాటితే: మెట్టుతోపాటు వెనక కొక్కెం కొన గట్టు దిగేటప్పుడు గుచ్చుకుంది. టేపుతో కొలిచాను. ఒట్టి బండికీ నిండు బండికీ వెనక అంచు ఎత్తులో నాలుగంగుళాల తేడా ఉంది. కమాన్లు దాదాపు సమంగా పడుకుంటున్నాయి. ఎడమ కమాన్లో కింది పట్టీ కొన దగ్గర చిన్న పగులు కనబడింది.

అలైన్‌మెంట్ షాపు, అనంతపురం

అన్నా, ఆ పగులు చూసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. రేపు బరువేయొద్దు. ముందు ఆ కమాన్ మార్పించండి, రెండు వైపులా ఒకేసారి. ఒక వైపే మారిస్తే బండి వంకరగా నిలబడుతుంది.

కొత్త కట్ట వేసినాక కూడా ఆర్సీ తీసి చూడండి. మొత్తం బరువు అని ఒక అంకె, ఖాళీ బరువు అని ఒక అంకె ఉంటాయి. రెంటి తేడాలోనే మీరు, పక్కన కూర్చున్నవాళ్ళు, సరుకు అంతా ఇమడాలి. పదిహేను క్రేట్లు, ఒక్కోటి పాతిక కిలోలు వేసుకున్నా దగ్గర దగ్గర నాలుగు వందల కిలోలు. దానికి ముగ్గురు మనుషుల్ని కలపండి. ఆ తేడా దాటుతుంటే రెండు ట్రిప్పులు వేయండి, లేకపోతే క్రేట్లకి ట్రాక్టరు మాట్లాడుకోండి. ఎక్స్‌ట్రా పట్టీ వేసి గట్టి చేయడం సులువే గానీ, కమాన్ గట్టిపడితే బరువు హౌసింగు మీదికీ టైరు మీదికీ పోతుంది, బ్రేకు మాత్రం అదే బ్రేకు.

పక్క మెట్లు విప్పేయండి. పెద్దవాళ్ళకి కావాలంటే ఛాసిస్ అంచుకి ఆనించి పైకి ఉండేవి వేయించుకోవచ్చు. కొక్కెం బోల్టు తీసేస్తే వస్తుంది, బండి లాగే పని ఉన్నప్పుడు మళ్ళీ పెట్టుకోండి. టైర్లు ఇప్పుడెలా ఉన్నాయి?

మామిడితోట, మదనపల్లె

టైర్లు అరిగాయి, ఎలాగూ మార్చాలి. అదే 255/60 ఆర్18 సైజులో ఆల్ టెర్రైన్ దొరుకుతుందా? మా అబ్బాయికి ఆ గళ్ళు కనిపిస్తే చాలు.

అలైన్‌మెంట్ షాపు, అనంతపురం

దొరుకుతుంది. కొనేటప్పుడు పక్కగోడ మీద సైజు తర్వాత ఉండే అంకె చూడండి, దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. పాత టైరు మీద 112 ఉంటే కొత్తదాని మీద అంతకంటే తగ్గకూడదు. 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. గాలి తలుపు దగ్గర అతికించిన కాగితంలో ఉన్నంత పెట్టండి, వంక కోసం దించితే తారు రోడ్డు ఎక్కేలోపల మళ్ళీ నింపండి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

గట్టు రాళ్ళ సంగతి మాత్రం బండితో తీరదన్నా. ఒక గడ్డపార, ఇద్దరు మనుషులు, ఒక పూట. మీ ట్రాక్టరు రైతులకి కూడా పనికొస్తుంది, వాళ్ళని కూడా పిలవండి.

మామిడితోట, మదనపల్లె

పది రోజుల తర్వాత రాస్తున్నాను. రెండు వైపులా కమాన్ కట్టలు కొత్తవి వేయించాను, కంపెనీవే. మెట్లు, కొక్కెం తీసేశాను. నాలుగు టైర్లు మార్చి పాతవాటిలో మంచిది స్టెప్నీ చేశాను. పోయిన బుధవారం పక్క తోట వాళ్ళు ముగ్గురు, నేను, మా అబ్బాయి కలిసి గట్టు నడుమ రాళ్ళు తవ్వి గాడుల్లో వేశాం. నిన్న తొమ్మిది క్రేట్లతో మళ్ళీ సున్నం పూసి దాటాను. ఎక్కడా సున్నం పోలేదు. పక్కన పెట్టిన డబ్బులో సగానికి పైగా మిగిలింది.

శనివారం అనంతపురం వస్తున్నాను అన్నా, అలైన్‌మెంటుకి. యూ బోల్టులు కూడా మీ చేత్తోనే ఒకసారి బిగించండి.